హెడ్ హెవీ బ్యాట్‌కి తేలిక రబ్బర్లు: నా అనుభవం

నా టేబుల్ టెన్నిస్ బ్యాట్ బరువు 194 గ్రాములు ఉండేది. ఆ అంకె చెబితే చాలామంది ఆటగాళ్లు "అదేమంత బరువు కాదే" అంటారు. నిజమే, అంతకంటే బరువైన బ్యాట్లతో ఏళ్ల తరబడి హాయిగా ఆడుతున్నవాళ్లున్నారు. నన్ను ఇబ్బంది పెట్టింది ఆ బరువంతా ఎక్కడ చేరిందన్నది. హ్యాండిల్ పట్టుకుని బ్యాట్‌ను అడ్డంగా చాపితే ముందు భాగం కిందికి లాగేది. ఇలా తల (హెడ్) వైపు బరువెక్కువ ఉన్న బ్యాట్‌నే హెడ్ హెవీ అంటారు. ఫోర్‌హ్యాండ్ టాప్‌స్పిన్ కొట్టి చెయ్యి మళ్లీ తన చోటికి వచ్చేసరికి, ఎదుటివాళ్లు కొట్టిన బంతి అప్పటికే నా వైపు టేబుల్ మీద పడి లేచేది. బ్యాక్‌హ్యాండ్ ఫ్లిక్‌లో (మణికట్టుతో చటుక్కున కొట్టే షాట్‌లో) మణికట్టు తిప్పడం మొదలుపెట్టడం నా వశంలో ఉండేది, ఆపడం మాత్రం ఉండేది కాదు. నాలుగైదు గేములు గట్టిగా ఆడితే బొటనవేలి మొదట్లోనూ, ముంజేతి పైభాగంలోనూ ఒక మొద్దు నొప్పి పట్టుకునేది.

మా క్లబ్‌లో నాకంటే చాలా సీనియర్ ఒకాయన నా ఆట కాసేపు చూసి, "తమ్ముడూ, నువ్వు బ్యాట్‌ని ఆడించట్లేదు, అది నిన్ను ఆడిస్తోంది" అన్నాడు. "బరువుంటే షాట్‌కి బలం వస్తుంది కదన్నా?" అన్నాను. "వస్తుంది, బంతి దగ్గరికి టైముకు చేరితే" అన్నాడు. ఆ మాట నాలో బాగా నాటుకుంది. సాధన పెంచాలా, బ్యాట్ మార్చాలా అని ఊగిసలాడటం మానేసి, ముందు బ్యాట్‌ను ముక్కముక్కగా తూచి చూద్దామనుకున్నాను.

బ్లేడు, అంటే రబ్బర్లు అంటించని ఉత్త చెక్క, 89 గ్రాములు. ఐదు చెక్క పొరలు, రెండు ఫైబర్ పొరలు. హెడ్ 157 మిల్లీమీటర్ల పొడవు, 150 వెడల్పు. ఈ రోజుల్లో షేక్‌హ్యాండ్ (కరచాలనంలా పట్టుకునే) బ్లేడ్లలో ఎక్కువ భాగం ఇంచుమించు ఇదే కొలత. ఫోర్‌హ్యాండ్ వైపు బంతిని పట్టుకునే ట్యాకీ (జిగురుగా ఉండే) టాప్‌షీట్, అంటే బంతి తగిలే పై రబ్బర్ పొర, కింద గట్టి స్పాంజ్: కోసి అంటించాక 53 గ్రాములు. బ్యాక్‌హ్యాండ్ వైపు కూడా గట్టి స్పాంజే, 50 గ్రాములు. చుట్టూ ఎడ్జ్ టేపు ఇంకో 2. అంటే చెక్క మొత్తం కలిపి 89 అయితే, దాని తల మీద నేను పేర్చిన సరుకు 105. బ్లేడు కొనేటప్పుడు 85 గ్రాములదా, 89దా అని గంటలు గంటలు ఆలోచించేవాళ్లం, రబ్బర్ల దగ్గరికి వచ్చేసరికి ఎవరు ఏది బాగుందంటే అది తీసుకుంటాం. పది గ్రాముల తేడా అక్కడే దాగి ఉంటుంది.

రబ్బర్లు ఇంత బరువెక్కడానికి కారణం ఉంది. ఒకప్పుడు ఆటకు ముందు స్పీడ్ గ్లూ పూసేవాళ్లు. దాని ద్రావకాలు స్పాంజ్‌ను ఉబ్బించి వేగం ఇచ్చేవి కాబట్టి, మెత్తని, సన్నని రబ్బర్‌తోనూ పని జరిగేది. 2008లో ఆ గ్లూలను నిషేధించారు. దాంతో ఆ వేగాన్ని రబ్బర్‌లోనే ఇమిడ్చి తయారుచేయడం పెరిగింది. 2000లో బంతి 38 నుంచి 40 మిల్లీమీటర్లకు పెరిగింది, 2014 నుంచి సెల్యులాయిడ్ పోయి ప్లాస్టిక్ బంతి వచ్చింది. స్పిన్ కొంత తగ్గింది, దాన్ని పూడ్చుకోవడానికి అగ్రశ్రేణి ఆటగాళ్లు ఇంకా గట్టి స్పాంజ్‌ల వైపు వెళ్లారు. గట్టి స్పాంజ్ అంటే అదే మందంలో గాలి తక్కువ, పదార్థం ఎక్కువ. వాళ్ల శరీర సాధనకు, వాళ్ల చేతి వేగానికి ఆ బరువు సరిపోతుంది. వాళ్ల రబ్బర్లనే మనమూ కొనుక్కుంటాం, వాళ్ల భుజాలు మాత్రం మనకుండవు.

బ్యాట్ ఎటు మొగ్గుతోందో చేతి అంచనాతో కాకుండా కొలిచి తెలుసుకోవాలనుకున్నాను. బ్యాట్‌ను వేలి మీద నిలబెట్టి చూస్తే రబ్బర్ మెత్తదనం వల్లా, హ్యాండిల్ ఆకారం వల్లా ప్రతిసారీ ఒక్కో చోట నిలుస్తుంది. అందుకని రెండు పెన్సిళ్ల పద్ధతి పట్టాను. హ్యాండిల్ చివరి నుంచి 1 సెంటీమీటర్ దగ్గర ఒక పెన్సిల్, 25 సెంటీమీటర్ల దగ్గర, అంటే హెడ్ కొనకు కాస్త ఇవతల, ఇంకో పెన్సిల్ బ్యాట్ కింద ఆనించాను. రెండో పెన్సిల్ చిన్న డిజిటల్ త్రాసు మీద, మొదటిది అదే ఎత్తున్న పుస్తకాల మీద. త్రాసు చూపించింది దాదాపు 119.6 గ్రాములు. దాన్ని మొత్తం బరువు 194తో భాగించి, పెన్సిళ్ల మధ్య దూరం 24తో గుణిస్తే 14.8 వస్తుంది. దానికి మొదట వదిలేసిన 1 సెంటీమీటర్ కలిపితే 15.8. హ్యాండిల్ చివరి నుంచి 15.8 సెంటీమీటర్ల దగ్గర నా బ్యాట్ తూగుతోందన్నమాట. హ్యాండిల్ పొడవే 10 సెంటీమీటర్లు కాబట్టి, తూగే చోటు హెడ్‌లోకి దాదాపు 6 సెంటీమీటర్లు వెళ్లిపోయింది. ఉత్త బ్లేడుకైతే అది 13.1 దగ్గర ఉంది.

అందరూ మొదట చెప్పే మందు హ్యాండిల్‌కి బరువు కట్టడం. రబ్బర్లు తియ్యక్కర్లేదు, కొత్తవి కొనక్కర్లేదు. నేనూ అదే ముందు చేశాను. రాకెట్లకు అంటించే బరువు టేపు 8 గ్రాముల మేర హ్యాండిల్ చివర చుట్టి, పైన గ్రిప్ టేపు వేశాను. మళ్లీ కొలిస్తే తూగే చోటు 15.8 నుంచి 15.2కి వచ్చింది. కాగితం మీద అది పెద్ద మార్పే. బ్యాట్ చేతిలోకి తీసుకోగానే కూడా తేడా తెలిసింది: ముందుకు లాగడం తగ్గింది, వేళ్లు అంతగా బిగించక్కర్లేకపోయింది, సర్వీస్ చేసేటప్పుడు పట్టు మార్చడం సులువైంది. కానీ ఆట మొదలయ్యాక పాత కథే. ఫ్లిక్ ఆలస్యమే, ఫోర్‌హ్యాండ్ తర్వాత తిరిగి రావడం ఆలస్యమే, పైగా సాయంత్రానికి చెయ్యి ఇంకాస్త అలిసింది, ఎందుకంటే బ్యాట్ ఇప్పుడు 202 గ్రాములు.

ఇది ఎందుకిలా జరిగిందో అర్థమయ్యాకే నాకు దారి దొరికింది. బ్యాట్ ఎక్కడ తూగుతుందన్నది ఒక సంగతి, దాన్ని ఊపడానికి ఎంత శ్రమ పడాలన్నది వేరే సంగతి. మొదటి లెక్కలో దూరం ఒక్కసారే వస్తుంది, రెండో లెక్కలో దూరం రెండుసార్లు గుణించబడుతుంది. హ్యాండిల్ చివర, మణికట్టు దగ్గర నుంచి బ్యాట్ తిరుగుతోందనుకుంటే, 2 సెంటీమీటర్ల దూరంలో ఉన్న ఒక గ్రాముకు విలువ 4. రబ్బర్ మధ్యభాగం 18 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, అక్కడి ఒక గ్రాముకు విలువ 324. ఎనభై ఒక్క రెట్లు. హ్యాండిల్‌కి 8 గ్రాములు కట్టినా ఊపే శ్రమ దాదాపు పెరగలేదు, అలాగే తగ్గనూ లేదు. తల మీది 105 గ్రాములు అక్కడే ఉన్నాయి, వాటిని మోసుకుంటూ తిప్పడం నాకు తప్పలేదు.

ఎవరికైనా నమ్మకం కుదరకపోతే ఉత్త బ్లేడును తీసుకుని ఒకసారి హ్యాండిల్ పట్టుకుని, ఇంకోసారి హెడ్ పట్టుకుని మణికట్టుతో ఊపి చూడమంటాను. వస్తువు అదే, బరువు అదే, చేతికి మాత్రం రెండు వేరు వేరు వస్తువుల్లా ఉంటుంది.

కాబట్టి హెడ్ మీది బరువే తగ్గించాలి. తగ్గించాలంటే బ్లేడు మార్చాలి, లేదా రబ్బర్లు మార్చాలి. బ్లేడు మార్చడం నాకిష్టం లేదు. ఆ బ్లేడు స్పర్శ నా చేతికి బాగా అలవాటైంది, బంతి తగిలిన చప్పుడుతోనే ఎంత లోతుకు వెళ్తుందో తెలిసిపోయేంత అలవాటు. పైగా 5 గ్రాములు తేలికైన బ్లేడు తీసుకుంటే ఆ 5లో కొంత హ్యాండిల్ వైపే తగ్గుతుంది. హ్యాండిల్ లోపల బోలుగా చేసిన బ్లేడ్లయితే మొత్తం బరువు తగ్గినా తల వైపు మొగ్గు ఇంకా ఎక్కువవుతుంది. రబ్బర్ సంగతి అలా కాదు, అందులో తగ్గే ప్రతి గ్రామూ తగ్గాల్సిన చోటే తగ్గుతుంది.

నియమాల వైపు నుంచి ఇబ్బందేమీ లేదు. ఐటీటీఎఫ్ (అంతర్జాతీయ టేబుల్ టెన్నిస్ సమాఖ్య) నియమాల ప్రకారం బ్యాట్ ఏ సైజులోనైనా, ఏ ఆకారంలోనైనా, ఏ బరువుతోనైనా ఉండొచ్చు. స్పాంజ్ ఉన్న రబ్బర్ గ్లూతో కలిపి 4.0 మిల్లీమీటర్లు మించకూడదు, అంతే. సన్నబడటానికి అడ్డేమీ లేదు.

ఇక రబ్బర్ల వేట. కంపెనీలు డబ్బా మీద వేగం, స్పిన్, కంట్రోల్ అంటూ అంకెలు వేస్తాయి గానీ బరువు వేసేవి తక్కువ. అందుకని ఆటగాళ్లు తూచి చెప్పుకునే అంకెలే ఆధారం. 157×150 హెడ్‌కి కోశాక మామూలుగా ఎంతెంత ఉంటాయో నేను పోగుచేసుకున్న లెక్క ఇలా ఉంది. హరికేన్ 3 లాంటి గట్టి ట్యాకీ రబ్బర్లు 50 నుంచి 53 గ్రాములు, ఒక్కోసారి ఇంకా పైన. డిగ్నిక్స్ 09సి 50కి అటూ ఇటూ. టెనర్జీ 05 స్పాంజ్ మందం 2.1 మిల్లీమీటర్లలో 47, 48. అదే టెనర్జీ 05 ఎఫ్‌ఎక్స్, మెత్తని స్పాంజ్‌తో, 44, 45. రక్జా 7 దాదాపు 47, 48. వేగా యూరప్ 40 నుంచి 43. పింపుల్స్ (చిన్న బొడిపెలు) పైకి ఉండే రబ్బర్లలో పొట్టి బొడిపెల షార్ట్ పింపుల్స్ 35 నుంచి 40 మధ్యలో, స్పాంజ్ లేని లాంగ్ పింపుల్స్ అయితే 20కి అటూ ఇటూ. నా ఆట రెండు వైపులా టాప్‌స్పిన్ మీద నడిచేది, కాబట్టి పింపుల్స్ వైపు వెళ్లలేదు.

బరువు మూడు చోట్ల నుంచి వస్తుంది: స్పాంజ్ గట్టిదనం, స్పాంజ్ మందం, టాప్‌షీట్. మొదటి రెండూ అందరికీ తెలిసినవే. మూడోదాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. టాప్‌షీట్ కింద ఉండే పింపుల్స్ లావుగా, దగ్గర దగ్గరగా ఉంటే రబ్బర్ పదార్థం ఎక్కువ పడుతుంది. సన్నగా, దూరదూరంగా ఉంటే తక్కువ. టెనర్జీ 05, 64లలో స్పాంజ్ తరహా ఒకటే, తేడా అంతా పింపుల్స్ అమరికలో ఉంటుంది. 64 సాధారణంగా ఒకటి రెండు గ్రాములు తేలిగ్గా తూగడానికి అదే కారణం. మందం విషయానికొస్తే, ఈ సైజు హెడ్ మీద స్పాంజ్ 0.1 మిల్లీమీటర్ తగ్గితే సుమారు ఒక గ్రాము తగ్గుతుంది. 2.1 నుంచి 1.9కి దిగితే 2 గ్రాములు. మందం ఒక్కదాన్నే నమ్ముకుంటే పెద్దగా కలిసిరాదు, స్పాంజ్ రకం మారితేనే అసలు తేడా.

గట్టిదనం అంకెల దగ్గర జాగ్రత్త అవసరం. ఒక్కో తయారీదారు ఒక్కో కొలమానం వాడతాడు. టెనర్జీ 05 మీద 36 అని ఉంటుంది, వేగా యూరప్ మీద 42.5 అని ఉంటుంది. అంకెలు చూస్తే రెండోది గట్టిదనిపిస్తుంది. చేత్తో నొక్కి చూస్తే తారుమారు: 36 అని రాసిందే గట్టిది. ఒకే కంపెనీ రబ్బర్ల మధ్య పోల్చుకోవడానికి ఆ అంకెలు పనికొస్తాయి, కంపెనీలు దాటి పోల్చడానికి పనికిరావు.

మార్పు బ్యాక్‌హ్యాండ్‌తో మొదలుపెట్టాను. అక్కడే మణికట్టు ఎక్కువ వాడేది, స్వింగ్ చిన్నది, టైము తక్కువ. చిన్న స్వింగ్‌తో గట్టి స్పాంజ్‌లోకి బంతిని దించాలంటే చేతి వేగం చాలా కావాలి, అంత వేగం నా దగ్గర లేదు. అంటే 50 గ్రాముల గట్టి రబ్బర్ నాకు రెండు విధాలా భారమే. మందం 2.0లో వేగా యూరప్ తీసుకున్నాను. కోయని షీటు 62 గ్రాములు తూగింది. కోసి, అంటించాక 42. ఒక్క దెబ్బకి 8 గ్రాములు పోయాయి.

తొలిరోజు బ్యాక్‌హ్యాండ్ బంతులన్నీ టేబుల్ దాటిపోయాయి. రబ్బర్ వేగం వల్ల అనుకున్నాను, కానీ జాగ్రత్తగా చూస్తే బ్యాట్ బంతి దగ్గరికి ముందే చేరిపోతోంది. బరువైన బ్యాట్‌కి అలవాటుపడిన చెయ్యి, అది ఆలస్యంగా కదులుతుందని తెలిసి, ఎప్పుడూ కాస్త ముందే మొదలుపెట్టేది. ఆ తొందర మానడానికి కొన్ని వారాలు పట్టింది. బంతి టేబుల్ మీద పడి లేచేదాకా ఆగి, అప్పుడు మణికట్టు వదలడం. ఆ ఆగడం కుదిరిన రోజున ఫ్లిక్ నాకు నిజంగా షాట్‌గా మారింది. అప్పటిదాకా అది నాకొక జూదం.

ఫోర్‌హ్యాండ్ దగ్గర పని అంత సులువుగా తెమల్లేదు. తేలికైనది చాలుననుకుంటే 41 గ్రాముల మెత్తని రబ్బర్లు బోలెడున్నాయి. తోటి ఆటగాడి దగ్గర పక్కన పెట్టిన అలాంటి షీటొకటి ఉంటే అడిగి అంటించుకుని ఆడాను. చేతికి ఈకలా ఉంది. మామూలు డ్రైవ్‌లు, మెల్లని లూప్‌లు (స్పిన్ ఎక్కువున్న టాప్‌స్పిన్ షాట్లు) ఎంతో హాయిగా వచ్చాయి. కానీ పూర్తి బలంతో కొట్టినప్పుడు స్పాంజ్ అంతా అణిగిపోయి బంతి చెక్కకు తగిలినట్టు టక్కుమనేది. అక్కడి నుంచి ఎంత బలం పెట్టినా స్పిన్ పెరిగేది కాదు, బంతి వంపు తిరక్కుండా నేరుగా పోయేది. ఎదుటివాళ్లు గట్టిగా లూప్ చేస్తే బ్లాక్ (బ్యాట్ అడ్డుపెట్టి తిప్పిపంపిన బంతి) కూడా పైకి ఎగిరేది. ఫోర్‌హ్యాండ్ నా ప్రధాన ఆయుధం. తేలికదనం కోసం దాన్ని మొండిగా చేసుకోవడం నాకు సమ్మతం కాలేదు.

మెత్తదనం వైపు వెళ్లకుండా, మధ్యస్థమైన స్పాంజ్ ఉన్నదాన్నే తీసుకుని మందం ఒక మెట్టు తగ్గిస్తే? టెనర్జీ 05ని మందం 1.9లో పెట్టి చూశాను. కోసి అంటించాక 46 గ్రాములు. పాతదానికంటే 7 తక్కువ. గట్టి కొట్టుడులో స్పాంజ్ పూర్తిగా అణిగిపోదు, అదే సమయంలో పాత ట్యాకీ రబ్బర్‌లా ప్రతి షాట్‌కీ నడుము, కాళ్లు మొత్తం పెట్టమని అడగదు. నష్టం లేకపోలేదు. చిన్న సర్వీస్‌ను చిన్నగా వెనక్కి పంపడంలో ట్యాకీ టాప్‌షీట్ ఇచ్చే నమ్మకం ఇందులో లేదు, బంతి కాస్త లేస్తుంది. పుష్‌లో, అంటే బంతిని మెల్లగా తోసి పంపే షాట్‌లో, చెయ్యి ఇంకా మెత్తగా పెట్టాల్సి వచ్చింది. ఆ ఇబ్బంది ఇప్పటికీ కొంత ఉంది. మిగతా లాభాల ముందు దాన్ని నేను ఒప్పుకున్నాను.

అంటించే పనిలోనూ గ్రాములున్నాయి, అవి ఎవరికీ పైసా ఖర్చు లేకుండా దక్కేవి. పాత రబ్బర్ ఊడదీసినప్పుడు బ్లేడు మీదా, స్పాంజ్ మీదా మిగిలిన ఎండిన గ్లూను బొటనవేలితో తోస్తూ ఉండలా చుట్టి తూచాను: 2 గ్రాముల పైనే. ఒకదాని మీద ఒకటి పూసుకుంటూ పోతే అది ఇంకా పేరుకుంటుంది. ఈసారి బ్లేడుకొక పలుచని పూత, స్పాంజ్‌కొక పలుచని పూత, రెండూ తెల్లదనం పోయి పారదర్శకంగా ఆరేదాకా ఆగి అంటించాను. కోతలో బ్లేడు అంచుకు సరిగ్గా ఆనించి కొత్త కత్తితో ఒకే ఊపున కోశాను. రబ్బర్ చుట్టూ ఒక మిల్లీమీటర్ బయటికి వదిలితే ఒక్కో వైపు దాదాపు ఒక గ్రాము ఉంటుంది, అదీ హెడ్ అంచున, అన్నిటికంటే దూరంగా. ఎడ్జ్ టేపు వెడల్పుది మానేసి సన్నని ముక్కను హెడ్ కొన దగ్గర టేబుల్‌కి తగిలే చోట మాత్రమే వేశాను. అది 1 గ్రాము.

స్పాంజ్‌కి నూనెలాంటి బూస్టర్ పట్టించే అలవాటు ఉన్నవాళ్లకు ఒక మాట. అది బరువు పెంచుతుంది, రబ్బర్‌ను ఎలా తయారైందో అలాగే వాడాలన్న నియమానికీ విరుద్ధం. తేలిక కోసం చూసేవాళ్లకు ఆ దారి అసలే పనికిరాదు.

అన్నీ అయ్యాక తూచితే 178 గ్రాములు. 194 నుంచి 16 గ్రాములు తగ్గాయి. రెండు పెన్సిళ్ల మీద పెట్టి చూస్తే తూగే చోటు 15.6. అంటే 15.8 నుంచి కేవలం 2 మిల్లీమీటర్లు వెనక్కి వచ్చింది! హ్యాండిల్‌కి 8 గ్రాములు కడితే 6 మిల్లీమీటర్లు కదిలింది, ఇక్కడ హెడ్ మీద 16 గ్రాములు తీసేస్తే రెండే. ఆ ఒక్క అంకె చూసేవాళ్లయితే ఇంత శ్రమా దండగ అనుకుంటారు. కానీ దూరాన్ని రెండుసార్లు గుణించే ఆ రెండో లెక్క వేస్తే, బ్యాట్‌ను ఊపే శ్రమ సుమారు పదో వంతు తగ్గింది. ఆ పదో వంతు నా చేతికి మొదటి ర్యాలీలోనే తెలిసింది. హెడ్ హెవీ అని బాధపడేవాళ్లు తూగే చోటు ఎక్కడుందో ఒక్కటే కొలిచి వదిలేస్తే అసలు సంగతి కనబడదని నేను గట్టిగా చెప్పేది అందుకే. ముందుకు లాగుతోందన్నది ఒక ఇబ్బంది, దానికి హ్యాండిల్ బరువు చాలు. ఊపలేకపోతున్నానన్నది ఇంకో ఇబ్బంది, దానికి తల మీది గ్రాములే పోవాలి.

ఆటలో వచ్చిన మార్పుల్లో నాకు అన్నిటికంటే విలువైనది రెండో షాట్. ఫోర్‌హ్యాండ్ కొట్టాక బ్యాట్ భుజం దాటి వెళ్లిపోయే అలవాటు తగ్గింది, నుదుటి ముందే ఆగుతోంది. అక్కడి నుంచి బ్యాక్‌హ్యాండ్‌కి రావడానికి దారి తక్కువ. ఒకే బంతితో పాయింట్ తేల్చెయ్యాలన్న ఆత్రం కూడా దాంతో పోయింది, రెండోది కొట్టగలనన్న ధైర్యం ఉంది కాబట్టి. సర్వీస్‌లో స్పిన్ పెరిగింది. ముంజేతి నొప్పి క్రమంగా తగ్గింది. రబ్బర్ల వల్లే తగ్గిందని వైద్యుడిలా చెప్పలేను, పట్టు వదులు చేసుకోవడం కూడా అదే సమయంలో మొదలుపెట్టాను, కానీ పట్టు వదులు చేయగలగడానికి బ్యాట్ తేలికపడటమే కారణం.

పోయినవీ ఉన్నాయి. టేబుల్‌కి దూరంగా వెళ్లి ఎదురు లూప్‌లు కొట్టేటప్పుడు పాత బ్యాట్ తన బరువుతోనే బంతిని మోసుకెళ్లేది, ఇప్పుడు ఆ పని నా కాళ్లూ నడుమూ చెయ్యాలి. బ్లాక్‌లో బరువైన బ్యాట్ కదలకుండా నిలబడేది, తేలికది గట్టి బంతికి చేతిలో కాస్త వెనక్కి తొణుకుతుంది. బ్లాక్ చేసే క్షణంలో చూపుడువేలు, చిటికెనవేలు కొంచెం బిగించడం నేర్చుకున్నాను. దూరం నుంచి ఆడటమే తమ బలం అయినవాళ్లు ఇంతగా తేలిక చేసుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. టేబుల్‌కి అంటిపెట్టుకుని ఆడేవాళ్లకు, మణికట్టుతో పని చేసేవాళ్లకు మాత్రం ఇది చాలా ఇస్తుంది.

పిల్లల బ్యాట్ల గురించి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. టీవీలో చూసిన ఆటగాడి రబ్బర్లే కావాలని మారాం చేస్తే, ఎనిమిదేళ్ల పిల్లకి 190 గ్రాముల బ్యాట్ చేతికిచ్చే పెద్దవాళ్లను చూస్తున్నాను. ఆ పిల్ల బ్యాట్‌ను తిప్పలేక మోచేతిని ఎత్తి, భుజంతో తోస్తుంది. ఆ అలవాటు ఎముకల్లోకి ఇంకితే తర్వాత ఏ కోచ్ దిద్దినా కష్టమే. ఒక్కోటి 40 గ్రాముల మెత్తని రబ్బర్లు, 1.8 మందం, 80 గ్రాముల లోపు చెక్క బ్లేడు ఇస్తే 160కే పని అయిపోతుంది, మణికట్టు స్వేచ్ఛగా తిరుగుతుంది. వేగం వయసుతో పాటు వస్తుంది.

178 దగ్గర కొన్నాళ్లు ఆడాక, సర్వీస్ పట్టులో వేళ్ల మధ్య బ్యాట్ ఇంకా కాస్త ముందుకు వాలుతున్నట్టనిపించింది. అప్పుడు మొదట్లో కట్టి, తర్వాత తీసేసిన బరువు టేపులో సగం, 4 గ్రాములు, మళ్లీ హ్యాండిల్ చివర చుట్టాను. ఇప్పుడు మొత్తం 182, తూగే చోటు 15.3. ఊపే శ్రమలో తేడా లేదు, చేతిలో మాత్రం నిశ్చింతగా కూర్చుంది. హెడ్ తేలికయ్యాక కట్టిన 4 గ్రాములు, హెడ్ బరువుగా ఉన్నప్పుడు కట్టిన 8 కంటే ఎక్కువ సాయం చేశాయి.

ఒకే పేరున్న రబ్బర్ కూడా షీటుకు షీటుకు రెండు మూడు గ్రాములు మారుతుంది. అందుకని ఇప్పుడు కొత్తది కొనేటప్పుడు, అమ్మేవాళ్లను కోయని షీటును అట్ట, రక్షణ పొర తీసి తూచి చెప్పమని అడుగుతాను. నా హెడ్ సైజుకు కోశాక షీటులో సుమారు 68 శాతం మిగులుతుంది. ఆ లెక్కన బ్యాక్‌హ్యాండ్‌కి 62 గ్రాములు, ఫోర్‌హ్యాండ్‌కి 68 గ్రాములు దాటని షీటైతే తీసుకుంటాను, దాటితే ఇంకోటి చూపించమంటాను. చాలామంది విసుక్కోకుండా తూచి చెబుతున్నారు.